ఆక్టోపస్ ఉండగా పోనీ సిలిండర్ ఎందుకు?

ప్రశ్న: మూడేళ్ల క్రితం అండమాన్‌లో స్కూబా డైవింగ్ నేర్చుకున్నాను. తర్వాత అడ్వాన్స్‌డ్ కార్డు కూడా తీసుకున్నాను. ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చాక ఇక్కడి డైవింగ్ క్లబ్బులో చేరాను. శీతాకాలంలో స్టోనీ కోవ్‌లో దిగాలంటే పోనీ సిలిండర్ (అసలు సిలిండర్‌కి తోడుగా తీసుకెళ్లే చిన్న సిలిండర్) గానీ, రెండు వాల్వుల సిలిండర్ గానీ తప్పనిసరి అంటున్నారు. సిలిండర్ గాలిని నోటికి అందించే నా రెగ్యులేటర్‌కి ఆక్టోపస్ (అదనంగా ఇంకో మౌత్‌పీస్) ఉంది. పక్కన జోడీగా దిగే బడ్డీ ఉంటాడు. దిగేది 20 మీటర్లే. నిజంగా అవసరమా, లేక కొత్తవాడితో సామాను కొనిపించే వ్యవహారమా? చేతిలో పట్టే చిన్న గాలి సీసాలు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయి, అవి సరిపోవా? నీళ్లు లోపలికి రానివ్వని డ్రైసూట్‌కే బోలెడు ఖర్చయింది. మా ఆవిడకి ఇదంతా టెన్షన్. "అంత సామాను కావాల్సినంత ప్రమాదమైతే మానేయొచ్చుగా" అంటోంది. వచ్చే వేసవిలో ఐస్‌లాండ్ వెళ్లి సిల్ఫ్రాలో (నీళ్లు నిండిన నేల పగులు అది) దిగాలని కూడా ఉంది.
– ఒక పాఠకుడు, లెస్టర్

సమాధానం: మీ క్లబ్బు వాళ్లు అడుగుతున్నది న్యాయమే. డైవింగ్ దుకాణాలు అక్కర్లేనివి అంటగట్టడం కొత్తేమీ కాదు కనుక మీకు అనుమానం రావడంలో తప్పు లేదు. సూట్‌కి మ్యాచింగ్ రంగు ఫిన్‌లు, మూడో టార్చి, ఉన్న కత్తికి తోడు ఇంకో కత్తి లాంటి వాటి దగ్గర మీరెంత పిసినారితనం చూపించినా నేను మీ వైపే. చన్నీళ్లలో రెండో గాలి దారి విషయంలో మాత్రం క్లబ్బు వైపు.

అండమాన్‌లో మీరు దిగిన నీళ్లు 28 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి. స్టోనీ కోవ్ పాత గ్రానైట్ క్వారీ, తవ్వకం ఆగిపోయాక ఊటనీళ్లతో నిండింది. జనవరి, ఫిబ్రవరిలో అక్కడ నీళ్లు 4 నుంచి 6 డిగ్రీలు. వేసవిలోనూ మోసపోవద్దు. పైన ఈత కొట్టేంత హాయిగా ఉన్నా, కిందికి దిగుతుంటే ఒకచోట నీళ్లు హఠాత్తుగా చల్లబడతాయి. ఆ పొరను థర్మోక్లైన్ అంటారు. దాని కింద మళ్లీ చలికాలమే. డైవింగ్ రెగ్యులేటర్లకు ఉన్న యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 250 ప్రకారం 10 డిగ్రీల కంటే తక్కువైతే అవి చన్నీళ్లే. ఆ నీళ్లలో రెగ్యులేటర్ మీకు ఇప్పటిదాకా తెలియని ఒక పని చేయగలదు. గాలి ఆగిపోవడం కాదు, దానికి పూర్తిగా ఎదురు: గాలి ఆపకుండా పోతూనే ఉంటుంది. దాన్నే ఫ్రీ ఫ్లో అంటారు.

సైకిల్ ట్యూబులో గాలి వదులుతూ వాల్వు దగ్గర వేలు పెడితే చల్లగా తగులుతుంది కదా, ఇక్కడా అదే జరుగుతుంది, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. సిలిండర్‌లో 200 బార్ పీడనంతో (మామూలు గాలి పీడనానికి దాదాపు 200 రెట్లు) ఉన్న గాలిని, రెగ్యులేటర్‌లో సిలిండర్ వాల్వుకు బిగించే భాగమైన ఫస్ట్ స్టేజ్ ఒక్కసారిగా దించేస్తుంది. బయటికి వచ్చే గాలి పీడనం చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే 9, 10 బార్లు మాత్రమే ఎక్కువ. అంతగా వ్యాకోచించిన గాలి సున్నా డిగ్రీలకు బాగా కిందికి చల్లబడి, దాన్ని మోస్తున్న ఇత్తడిని కూడా చల్లబరుస్తుంది. వెచ్చటి సముద్రంలో చుట్టూ ఉన్న నీళ్లే ఆ లోహానికి వేడి అందిస్తాయి కనుక ఏమీ కాదు. 4 డిగ్రీల నీళ్ల దగ్గర ఇవ్వడానికి వేడి లేదు. ఫస్ట్ స్టేజ్ చుట్టూ, స్ప్రింగ్ ఉండే చోట నీళ్లు ఐస్ కడతాయి. వాల్వు మూసుకోవాల్సిన సమయంలో మూసుకోదు. హోసులో పీడనం పెరుగుతుంది, ఆ పీడనానికి నోట్లో పెట్టుకునే భాగం, అంటే సెకండ్ స్టేజ్, తెరుచుకుంటుంది. గాలి ఎంత వేగంగా పోతే లోహం అంత చల్లబడుతుంది, ఎంత చల్లబడితే ఐస్ అంత గట్టిపడుతుంది. తనంతట తాను తగ్గే రకం కాదిది.

సెకండ్ స్టేజ్‌లో మీరు వదిలిన ఊపిరిలోని తేమ కూడా లోపలి లివర్ మీద గడ్డకట్టి, దాన్ని తెరిచిన స్థితిలోనే బిగించేయగలదు. క్వారీల్లో ఉండేది మంచినీళ్లు కాబట్టి సున్నాకే గడ్డకడతాయి. ఉప్పునీళ్లు గడ్డకట్టాలంటే ఇంకా దాదాపు 2 డిగ్రీలు కిందికి పోవాలి. అందుకే రెగ్యులేటర్ గడ్డకట్టడానికి ఐస్‌లాండ్ దాకా వెళ్లనక్కర్లేదు, ఇంగ్లండ్ మధ్యలో ఉన్న ఓ గుంట చాలు.

ఫ్రీ ఫ్లో మొదలైతే నీళ్లలో ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. క్లాసులో ఇన్‌స్ట్రక్టర్ గాలిని బయటికి వదిలే పర్జ్ బటన్ నొక్కి పట్టుకుని "ఇదే ఫ్రీ ఫ్లో" అని చూపిస్తారు. అసలుది అంత సౌమ్యంగా ఉండదు. ముందు చెవులు దిమ్మెక్కే చప్పుడు. నోట్లోంచి రెండు బుగ్గల పక్కగా తెల్లటి బుడగలు ఎగదన్ని మాస్కును కదిలిస్తాయి. ఎంత గాలి మిగిలిందో చూపే గేజ్ మీకు కనబడదు. మీ బడ్డీకి మీరు కనబడరు, బుడగల స్తంభం ఒకటి కనిపిస్తుంది. పెదవులకు, పళ్లకు గడ్డకట్టే గాలి తగులుతుంటుంది. అప్పటికే మందపాటి గ్లవ్స్‌లో వేళ్లు సగం మొద్దుబారి ఉంటాయి. 20 మీటర్ల లోతులో నిండు సిలిండర్ కూడా కొద్ది నిమిషాల్లో ఖాళీ అవుతుంది. సగం వాడేసిన సిలిండరైతే ఇంకా తొందరగా. గేజ్ ముల్లు దిగడం కంటికి కనిపిస్తుంది.

ఇప్పుడు మీ ఆక్టోపస్ సంగతి. అది ఇంకో సెకండ్ స్టేజ్ మాత్రమే. దానికి గాలి ఇచ్చేది అదే ఫస్ట్ స్టేజ్, అదే వాల్వు, అదే సిలిండర్. గడ్డకట్టింది ఫస్ట్ స్టేజ్ అయితే ఆక్టోపస్‌కి మారి మీకు ఒరిగేదేమీ లేదు. పైగా అది కూడా బుస్సుమంటూ ఉండొచ్చు. ఆక్టోపస్ పెట్టుకునేది ఎదుటివాడికి గాలి ఇవ్వడానికి. మీకు మీరే గాలి ఇచ్చుకోవడానికి కాదు. రెండో దారి అని పిలవాలంటే అందులో మొదటి దారితో పంచుకున్న భాగం ఒక్కటి కూడా ఉండకూడదు, లేదా కనీసం ఫస్ట్ స్టేజ్, వాల్వు రెండూ వేరుగా ఉండాలి. మీ ప్రశ్న మొత్తానికి కొలబద్ద ఇదొక్కటే. దుకాణంలో ఏ వస్తువు చూపించినా దీంతో కొలవండి.

"బడ్డీ ఉంటాడు" అన్నారు. వెచ్చటి నీళ్లలో అది మంచి సమాధానమే. చన్నీళ్లలో దానికి రెండు చిక్కులు. మొదటిది దూరం. క్వారీలో ఎవరో కొత్తవాళ్లు అడుగున ఫిన్ ఆడిస్తే బురద లేచి, చేయి చాపితే చేయి కనబడని పరిస్థితి వస్తుంది. బడ్డీ 5 మీటర్ల అవతల ఉంటే లేనట్టే.

రెండోది చాలామందికి తట్టదు, నా లెక్కలో ఇదే పెద్దది. మీ రెగ్యులేటర్ గడ్డకట్టింది, బడ్డీ ఆక్టోపస్ అందుకున్నారు అనుకుందాం. ఇప్పుడు ఒకే ఫస్ట్ స్టేజ్ నుంచి ఇద్దరు పీలుస్తున్నారు. అదీ మామూలుగా కాదు, ఇద్దరూ కంగారులో, వేగంగా. దాని గుండా పోయే గాలి రెట్టింపు దాటుతుంది, ఆ లెక్కన చల్లదనం కూడా. మీది గడ్డకట్టిన నీళ్లే అవి, అతనిదీ బహుశా మీలాంటి రెగ్యులేటరే. పైకి వస్తూ అతను డ్రైసూట్ లోకో, తేలడానికి గాలి నింపుకునే జాకెట్ బీసీడీ లోకో గాలి కొట్టాడంటే ఇంకో భారం. అతనిది కూడా ఫ్రీ ఫ్లో అయితే ఇద్దరికీ గాలి లేదు. సాయం అడిగి అసలుకే ఎసరు తెచ్చినట్టు. ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. ఈఎన్ 250 ప్రమాణాన్ని 2014లో సవరించినప్పుడు ఒక రెగ్యులేటర్ మీద ఇద్దరు ఒకేసారి పీల్చే పరీక్షను అందుకే చేర్చారు. అందులో నెగ్గినవాటి మీద ఈఎన్ 250ఏ అని ఉంటుంది. చివర ఆ "ఏ" అక్షరం ఉందో లేదో మీ ఫస్ట్ స్టేజ్ మీద చూడండి. దాని పక్కనే 10 డిగ్రీల కంటే ఎక్కువ అనే గుర్తు ఉంటే, ఆ రెగ్యులేటర్ చన్నీళ్లకు పనికిరాదని తయారుచేసినవాళ్లే చెప్పినట్టు. అండమాన్‌లో కొన్నదైతే ముందు ఆ పని చేయండి. అది చన్నీళ్ల రకం కాకపోతే, పోనీ కంటే ముందు మార్చాల్సింది దాన్ని.

సరే, చేతిలో పట్టే సీసా. నేను మాటలతో తోసిపుచ్చను, లెక్క వేద్దాం. ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించేది 3 క్యూబిక్ అడుగుల రకం. అందులో పట్టే గాలి సుమారు 85 లీటర్లు. కంగారు పడ్డ మనిషి నిమిషానికి 30 లీటర్లు పీలుస్తాడని పెట్టుకుందాం, చలిలో అది ఎక్కువేమీ కాదు. 20 మీటర్ల దగ్గర పీడనం 3 బార్లు కనుక నిమిషానికి 90 లీటర్లు. అంటే ఆ సీసా అక్కడ నిమిషం కూడా రాదు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున, ఎక్కడా ఆగకుండా పైకి రావడానికే 2 నిమిషాల పైన పడుతుంది. చవగ్గా దొరకడం నిజమే, మరి సగం దారి గాలికి ఎంత పెట్టినా ఖరీదే కదా.

అదే లెక్క పూర్తిగా వేస్తే మీకు ఎంత కావాలో తేలుతుంది. అడుగున ఏం జరిగిందో అర్థం చేసుకుని, రెగ్యులేటర్ మార్చుకుని, బడ్డీకి సైగ చేయడానికి ఒక నిమిషం: 90 లీటర్లు. 5 మీటర్ల దాకా పైకి రావడానికి సుమారు 110. అక్కడ జాగ్రత్త కోసం 3 నిమిషాలు ఆగడానికి (సేఫ్టీ స్టాప్) 135. చివరి 5 మీటర్లకు 20. మొత్తం 350, 360 లీటర్ల మధ్య. ఇక్కడ దొరికే 3 లీటర్ల పోనీని 232 బార్లకు నింపితే దాదాపు 700 లీటర్లు. మీ 20 మీటర్ల డైవ్‌కి కావాల్సిన దానికి రెట్టింపు. 30 మీటర్లకు వెళ్లే రోజున కూడా అదే సరిపోతుంది, ఇదే పద్ధతిలో మీరే లెక్క వేసి చూసుకోండి. 2 లీటర్లది సుమారు 460 లీటర్లు. 20 మీటర్లకు చాలుతుంది గానీ మిగులు తక్కువ. పొడుగు, బరువు తేడా అంతంతమాత్రమే కనుక 3 లీటర్లదే తీసుకోమంటాను.

పోనీకి సొంత రెగ్యులేటర్ ఉంటుంది, అదీ చన్నీళ్ల రకమే అయి ఉండాలి. పాత వెచ్చటి నీళ్ల రెగ్యులేటర్‌ని పోనీకి తగిలించి మమ అనిపించేవాళ్లు ఉన్నారు. మొదటిది గడ్డకట్టే చలిలో, కంగారుగా పీలిస్తే, నాసిరకం రెండోది గడ్డకట్టకుండా ఉంటుందన్న హామీ ఏమిటి?

రెండు వాల్వుల సిలిండర్ వేరే పద్ధతి. సిలిండర్ ఒకటే, మెడ దగ్గర రెండు కొమ్మల్లా రెండు వాల్వులు, రెండింటికీ చెరో ఫస్ట్ స్టేజ్. ఒకటి ఫ్రీ ఫ్లో అయితే దాని వాల్వు కట్టేసి రెండో దాని మీద పీలుస్తారు. గాలి పోకుండా ఆగడమే కాదు, గాలి ఆగిన కాసేపటికి ఐస్ కూడా కరుగుతుంది. బరువు తక్కువ, అమరిక చక్కగా ఉంటుంది. జర్మనీ, ఉత్తర యూరప్ సరస్సుల్లో బాగా వాడతారు. అయితే ఇది నిలబడేది ఒకే ఒక్క విషయం మీద: తల వెనక్కి చేయి పెట్టి సరైన వాల్వును మీరు మూయగలగాలి. డ్రైసూట్ భుజాల దగ్గర బిగుతుగా ఉంటుంది, గ్లవ్స్‌లో చేతికి నాబ్ తగిలినా తిరుగుతోందో లేదో తెలియదు, కంగారులో ఎడమ కుడి తారుమారవుతాయి. మీ చేయి అక్కడిదాకా అందకపోతే, ఆ రెండో వాల్వు మీ సిలిండర్‌కి ఆభరణం మాత్రమే. పైగా మూసేలోపు పోయిన గాలి మీ అసలు గాలిలోంచే పోతుంది.

మీ పరిస్థితిలో, అంటే చన్నీళ్లు కొత్త, డ్రైసూట్ కొత్త, నేనైతే పోనీనే ఎంచుకుంటాను. దాన్ని వీపున కట్టకుండా పక్కకు, చంక కింద వేలాడేలా క్లిప్పులతో తగిలించుకోండి. వాల్వు కంటి ముందు ఉంటుంది, గేజ్ చూడొచ్చు, అవసరమైతే మొత్తం తీసి ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. సెకండ్ స్టేజ్‌ని మెడకు వేసుకునే రబ్బరు తాడులో, గడ్డం కిందే ఉంచండి. చూడకుండా అందాలి.

వాల్వు మూసి ఉంచాలా, తెరిచి ఉంచాలా అన్న దాని మీద ఏ క్లబ్బులో అడిగినా టీ చల్లారేదాకా వాదిస్తారు. మూసి ఉంచితే తెలియకుండా కారిపోయే భయం లేదంటారు ఒకరు. అవసరం పడ్డ క్షణంలో మొద్దుబారిన వేళ్లతో తెరవాలి కదా అంటారు ఇంకొకరు. నాది రెండో పక్షం. తెరిచి ఉంచండి, 5 నిమిషాలకోసారి అసలు గేజ్ చూసినప్పుడు పోనీ గేజ్ కూడా చూడండి.

పోనీతో వచ్చే కొత్త ప్రమాదం ఒకటుంది, ఇది మీ క్లబ్బువాళ్లు చెప్పారో లేదో. గట్టు మీద హడావిడిలో పోనీ సెకండ్ స్టేజ్‌నే నోట్లో పెట్టుకుని దిగిపోవడం. అసలు సిలిండర్ గేజ్ నిండుగా చూపిస్తుంటుంది, మీరు నిశ్చింతగా తిరుగుతుంటారు, హఠాత్తుగా గాలి అయిపోతుంది. రెండూ చూడటానికి, తడమడానికి తేడాగా ఉండాలి: మౌత్‌పీస్ రంగు వేరు, వీలైతే ఆకారమే వేరు. దిగిన కొద్ది నిమిషాల్లో అసలు గేజ్ ముల్లు కొంచెమైనా దిగిందా అని చూడండి. దిగకపోతే మీరు పీలుస్తున్నది పోనీ. ఇంకో మాట. పోనీలో గాలిని డైవ్ ప్లాన్‌లో ఎప్పుడూ కలపకండి. "పోనీ ఉందిగా, ఇంకో 5 నిమిషాలు చూద్దాం" అన్న రోజున మీ దగ్గర పోనీ లేనట్టే.

అసలు సిలిండర్ లెక్క కూడా మారుతుంది. అండమాన్‌లో పడవ దగ్గరికి 50 బార్లతో వస్తే శభాష్ అని ఉంటారు. ఇక్కడ ఇద్దరు ఒకే సిలిండర్ మీద 20 మీటర్ల నుంచి రావాల్సి వస్తే పై లెక్కకు రెట్టింపు, 720 లీటర్ల దాకా కావాలి. 12 లీటర్ల సిలిండర్‌లో అది 60 బార్లు. అంటే పైకి బయల్దేరేటప్పుడే అంత ఉండాలి, గట్టుకు చేరినప్పుడు కాదు. గేజ్ తప్పు, చలి రెండూ కలుపుకుని 80 దగ్గర అడుగు వదిలేయండి. చాలా క్లబ్బులు మూడో వంతు పద్ధతి పాటిస్తాయి: పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, ముట్టుకోకుండా ఒక వంతు. గుర్తుపెట్టుకోవడం కూడా తేలిక. ఇంకో చిన్న విషయం, 25 డిగ్రీల గదిలో 200 బార్లు చూపించిన సిలిండర్ 5 డిగ్రీల నీళ్లలో దిగేసరికి 187 దగ్గర కనిపిస్తుంది. కారడం లేదు, గాలి చల్లబడింది అంతే. కానీ మీ ప్లాన్ ఆ 187 నుంచే మొదలవ్వాలి.

ఇదంతా గడ్డకట్టాక చేసేది. గడ్డకట్టకుండా చూసుకోవడానికి పైసా ఖర్చు లేదు, అలవాట్లు మార్చుకోవాలి. వెచ్చటి ఊళ్లలో నేర్చుకున్నవాళ్లు గట్టున నిలబడి పర్జ్ బటన్ రెండు మూడుసార్లు నొక్కి, బుస్ బుస్‌మని చూసి "బాగుంది" అంటారు. జనవరి పొద్దున గాలి సున్నా దగ్గర ఉన్నప్పుడు ఆ పని చేస్తే, నీళ్లలో దిగకముందే ఐస్‌కి విత్తనం వేసినట్టు. రెగ్యులేటర్ పనితీరు అంతా ముందురోజు ఇంట్లోనే చూసుకోండి. గట్టు మీద ఒకటి రెండు ఊపిర్లు పీల్చి, ఊపిరి అందులోకి వదలకుండా ఆపేయండి. నీళ్లలో తల మునిగాకే మామూలుగా పీల్చడం మొదలుపెట్టండి. డైవ్‌కీ డైవ్‌కీ మధ్య తడి రెగ్యులేటర్‌ని కారు డిక్కీలో పడేయకుండా వెచ్చగా ఉండే చోట పెట్టండి. ఫస్ట్ స్టేజ్ మూతను బాగా తుడిచి ఆరాకే బిగించండి, లోపలికి పోయిన ఒక్క చుక్క చాలు.

నీళ్లలో ఉన్నప్పుడు డ్రైసూట్, బీసీడీ రెండింట్లోకీ ఒకేసారి గాలి కొట్టకండి. ఊపిరి లోపలికి పీలుస్తూ కొట్టకండి. బటన్‌ని కొద్దికొద్దిగా, చిన్న చిన్న నొక్కుళ్లుగా నొక్కండి. ఒకేసారి ఎక్కువ గాలి అడగకపోవడమే ఇందులో ఉన్న కిటుకు. నీళ్లలో ముఖం పెట్టగానే చలికి ఊపిరి ఎగబీల్చినట్టు అవుతుంది, అది ఎవరికైనా అంతే. ఒకటి రెండు నిమిషాలు పైనే తేలుతూ ఊపిరి కుదుటపడ్డాక దిగండి. రొప్పుతూ దిగేవాళ్ల రెగ్యులేటర్లకే గడ్డకట్టే అవకాశం ఎక్కువ.

అన్నీ చేసినా మొదలైందనుకోండి. ఊపిరి బిగపట్టకండి. పోనీ నోట్లోకి, కన్ను బడ్డీ మీదికి, బొటనవేలు పైకి (నీళ్లలో ఆ సైగకు అర్థం "పైకి పోదాం" అని). అసలు వాల్వు మూయడం బడ్డీ పని, మీ వెనక ఉన్నది అతనికి మీకంటే బాగా కనిపిస్తుంది. ఆ తర్వాత రెగ్యులేటర్ బాగుపడినా ఆ డైవ్ అయిపోయినట్టే, అందరూ పైకి. ఎవరు ఏ కారణానికి బొటనవేలు పైకి చూపినా నీళ్లలో వాదన ఉండకూడదు. గ్లవ్‌లో మీ బొటనవేలు చిటికెన వేలిని తాకలేకపోతే, అది కూడా పైకి రావాల్సిన కారణమే. ఆ వేళ్లతో మీరు ఏ వాల్వూ తిప్పలేరు.

పోనీ కొన్న రోజునే లోతుకు తీసుకెళ్లకండి. స్టోనీ కోవ్‌లో 6 మీటర్ల మెట్టు ఉంది, మొదటి కొన్ని వారాలు అక్కడే. కళ్లు మూసుకుని పోనీ అందుకోవడం, మార్చుకోవడం, దాని మీద పీలుస్తూ పైకి రావడం, మళ్లీ మళ్లీ. ఆలోచించకుండా చేయి దానంతటదే గడ్డం కిందికి పోయే దాకా. స్టేన్‌గార్త్ అనే మునిగిన టగ్ బోటు చూడాలని తొందరగా ఉంటుంది, తెలుసు. అది ఎక్కడికీ పోదు.

ఖర్చు గురించి. వెంటనే కొనకండి, క్లబ్బులో అద్దెకు అడగండి. సెకండ్‌హ్యాండ్ తీసుకుంటే సిలిండర్ భుజం మీద చెక్కిన టెస్టు తేదీ చూడండి: ఇక్కడ రెండున్నరేళ్లకు లోపలి తనిఖీ, ఐదేళ్లకు పీడన పరీక్ష, చిన్న సిలిండర్‌కీ మినహాయింపు లేదు. రెగ్యులేటర్ పాతది కొంటే సర్వీసు ఖర్చు కూడా కలిపి బేరమాడండి.

మీ శ్రీమతి గారి ప్రశ్న మంచి ప్రశ్న. ప్రమాదం లేదని ఆవిడకి చెప్పొద్దు, ఆవిడ నమ్మరు, నమ్మకూడదు కూడా. ఏ ప్రమాదానికి ఏ ఏర్పాటు ఉందో చెప్పండి. ఈ ఉత్తరం చదివించినా సరే. దిగే ప్రతిసారీ ఎక్కడ, ఎవరితో, ఎన్ని గంటలకు పైకి వస్తారు అన్నది రాసి ఇవ్వండి, వచ్చాక ఫోన్ చేయండి. ఇక పోనీ ఆదుకోలేని సంగతి ఒకటి ఉంది. చన్నీళ్లలో మునిగినప్పుడు కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. రెగ్యులేటర్ బాగానే పనిచేస్తుంటుంది, అయినా ఊపిరి ఆడదు, దగ్గు, నోట్లో నురగ. బీపీ ఉన్నవాళ్లకి ఆ ముప్పు ఎక్కువ. సామాను కొనేముందు ఒకసారి బీపీ చూపించుకోండి, మెడికల్ ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయండి. గాలి ఉండి కూడా ఊపిరి అందట్లేదనిపిస్తే గేజ్ చూస్తూ కూర్చోకండి, పైకి వచ్చి నీళ్లలోంచి బయటపడి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

సిల్ఫ్రా గురించి క్లుప్తంగా. లావా రాళ్లలోంచి వడకట్టి వచ్చే హిమనదపు నీళ్లు కనుక అక్కడ ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే, వేసవి అని వెచ్చబడదు. లోతు పరిమితి 18 మీటర్లు. డ్రైసూట్ అనుభవం చూపించకుండా దింపరు. మీ క్వారీ డైవ్‌లు అన్నీ, డ్రైసూట్‌తో చేసినవి అని స్పష్టంగా, నీళ్ల ఉష్ణోగ్రతతో సహా లాగ్‌బుక్‌లో రాసుకుని క్లబ్బు ఇన్‌స్ట్రక్టర్ సంతకం చేయించుకుంటూ ఉండండి. బుక్ చేసేముందు వాళ్లిచ్చే సిలిండర్‌కి ఒక ఫస్ట్ స్టేజా, రెండా అని మెయిల్‌లో అడగండి. జవాబు సూటిగా రాకపోతే ఇంకో నిర్వాహకుడిని చూసుకోండి.